ఫ్లూ తగ్గిందనుకున్నాక జ్వరం తిరగబెట్టి ఎంఆర్‌ఎస్‌ఏ న్యుమోనియా: ఊపిరితిత్తుల్లో అసలేం జరిగింది?

వానచినుకు (ప్రశ్న):

మా తమ్ముడికి 26 ఏళ్లు. షుగర్ లేదు, ఆస్తమా లేదు, సిగరెట్ అలవాటు లేదు. నెల కింద ఫ్లూ వచ్చింది, టెస్టులో ఇన్‌ఫ్లుయెంజా ఎ అని తేలింది. మూడు రోజులు ఒళ్లంతా నొప్పులు, 102, 103 జ్వరం. నాలుగో రోజుకి జ్వరం దిగింది. ఐదో రోజు లేచి స్నానం చేశాడు, ఆకలేస్తోందన్నాడు, హమ్మయ్య అనుకున్నాం. ఆరో రోజు సాయంత్రం ఒక్కసారిగా వణుకుతో జ్వరం తిరగబెట్టింది. నీరసం వల్ల మళ్లీ వచ్చి ఉంటుంది, పొద్దున చూద్దాంలే అని పారాసిటమాల్ ఇచ్చి పడుకోబెట్టాను. ఆ మాట అన్నది నేనే. తెల్లవారుజామున నాలుగింటికి వాడి దగ్గు విని లేచి చూస్తే తువ్వాలు మీద కఫంలో నెత్తుటి చారలు, ఒక్క వాక్యం పూర్తి చెయ్యడానికి మధ్యలో రెండు సార్లు ఊపిరి తీసుకుంటున్నాడు, పెదాలు నీలంగా ఉన్నాయి.

హాస్పిటల్లో ఎక్స్‌రే తీస్తే రెండు వైపులా నెమ్ము. సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. మర్నాటికి వెంటిలేటర్. రెండో రోజు కల్చర్ (బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్ష) రిపోర్టులో ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే స్టాఫ్ ఆరియస్ (స్టాఫ్) అనే బ్యాక్టీరియాలో మామూలు మందులకి లొంగని రకం, అని వచ్చాక మందు మార్చారు, ముందు వ్యాంకోమైసిన్, తర్వాత లినెజోలిడ్. 11 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఇప్పుడు వార్డులో ఉన్నాడు, నాలుగడుగులు వేస్తున్నాడు, గండం గడిచిందన్నారు.

నాకు మాత్రం బుర్రలో ఇదే తిరుగుతోంది. ఫ్లూ అంటే వైరస్ కదా, ఈ బ్యాక్టీరియా ఎక్కడి నుంచి వచ్చింది, హాస్పిటల్లోనే అంటుకుందా? అంత ఆరోగ్యంగా ఉన్నవాడి ఊపిరితిత్తులు రెండు రోజుల్లో అలా ఎందుకు కూలిపోయాయి? వాడికి ఇమ్యూనిటీ తక్కువనా? మొదటి రోజే యాంటీబయాటిక్ వేసి ఉంటే ఇదంతా తప్పేదా? డాక్టర్లు బాగానే చెప్పారు కానీ అప్పుడు నా తల పని చెయ్యలేదు, సగం కూడా గుర్తులేదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి, పెద్దగా ఉన్నా చదువుతాను.


అల్వియోలస్:

వానచినుకు గారూ, ముందు మీ తమ్ముడు నడుస్తున్నాడన్నది చదివి ప్రాణం లేచొచ్చింది. నేను డాక్టర్ని కాదు. ఊపిరితిత్తుల ఇమ్యూనిటీ మీద ల్యాబ్‌లో పని చేస్తాను, ఫ్లూ సోకిన ఎలుకలకి తర్వాత బ్యాక్టీరియా ఇస్తే ఏమవుతుందన్నదే నా రోజువారీ పని. మీరు అడిగిన రెండో ప్రశ్నకి, అంటే అంత ఆరోగ్యవంతుడికి ఎందుకిలా అన్నదానికి, నాకు తెలిసినంత చెప్తాను.

మీ తమ్ముడి ఇమ్యూనిటీ తక్కువ కాదండీ. అది ఫ్లూ వైరస్ మీద గట్టిగా పోరాడింది, అందుకే నాలుగో రోజుకి జ్వరం దిగింది. తమాషా ఏమిటంటే వైరస్‌ని చంపడానికి ఒళ్లు చేసుకునే ఏర్పాట్లే కొన్నాళ్లపాటు బ్యాక్టీరియాకి దారి ఇస్తాయి.

ఊపిరితిత్తుల్లో గాలి గదులుంటాయి కదా, ఒక్కో గదిలో అల్వియోలార్ మాక్రోఫేజ్ అనే కణాలు కాపలా తిరుగుతుంటాయి. ముక్కులోంచి, గొంతులోంచి మనకి తెలియకుండానే రోజూ కాసిని బ్యాక్టీరియా లోపలికి జారుతూనే ఉంటుంది, ముఖ్యంగా నిద్రలో. ఈ కణాలు వాటిని అక్కడికక్కడే మింగేస్తాయి, జ్వరం లేదు, దగ్గు లేదు, మనకి వార్త కూడా తెలియదు. ఎలుకల్లో చూస్తే ఫ్లూ సోకిన మొదటి వారంలో ఈ కాపలా కణాలు 90 శాతం దాకా చచ్చిపోతాయని 2013లో చూపించారు. మిగిలినవైనా పని చేస్తాయా అంటే, వైరస్‌ని తుడిచెయ్యడానికి వారం తిరిగేసరికి టి కణాలనే తెల్ల రక్తకణాలు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి, అవి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్‌ని వదులుతాయి. వైరస్ విషయంలో అది మంచిదే. కానీ అదే ఇంటర్‌ఫెరాన్ గామా, బ్యాక్టీరియాని పట్టుకోవడానికి మాక్రోఫేజ్‌లు వాడే మార్కో అనే రిసెప్టర్‌ని తగ్గించేస్తుంది. ఇది 2008లో బయటపడింది. చేతులు కట్టేసిన కాపలావాడు అనుకోండి. ఎదురుగా దొంగ కనిపిస్తున్నా పట్టుకోలేడు.

ఇంకో రకం ఇంటర్‌ఫెరాన్లు ఉన్నాయి, ఆల్ఫా, బీటా. వైరస్ సోకిన కణం చుట్టుపక్కల కణాలకి పంపే హెచ్చరిక అది. ఇవి ఎక్కువగా ఉన్నప్పుడు బ్యాక్టీరియాని చంపే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాల్ని రక్తంలోంచి ఊపిరితిత్తుల్లోకి పిలిచే సంకేతాలు తగ్గుతాయి. స్టాఫ్ లాంటి బ్యాక్టీరియాని ఎదుర్కోవడానికి ఐఎల్-17 అనే సంకేతం కావాలి, దాని మీదే గాలిగొట్టాల లోపలి పొర బ్యాక్టీరియాని చంపే పెప్టైడ్లు తయారుచేస్తుంది. ఫ్లూ వచ్చిన ఎలుకల్లో ఆ ఐఎల్-17 దారిని ఈ ఇంటర్‌ఫెరాన్లు నొక్కేస్తాయని 2011లో స్టాఫ్ ఆరియస్‌తోనే చేసిన పని ఉంది.

ఇవన్నీ ఇలా ఉండగా వైరస్ చేసిన నష్టం వేరే. గాలిగొట్టాల లోపల సన్నటి నూగు లాంటి సీలియా ఉంటాయి, ఎప్పుడూ పైకి ఊడుస్తూ కఫాన్ని గొంతు దాకా తెస్తుంటాయి. ఫ్లూ ఆ పొరనే ఒలిచేస్తుంది. సీలియా పోయిన చోట లోపలి గోడ బయటపడితే దానికి బ్యాక్టీరియా బాగా అతుక్కుంటుంది. పైగా వైరస్ తన న్యూరమినిడేజ్ ఎంజైమ్‌తో కణాల మీదున్న సియాలిక్ ఆమ్లం అనే చక్కెరని కత్తిరిస్తూ పోతుంది, ఆ కింద దాగిన చోట్లు న్యుమోకాకస్ అనే నెమ్ము బ్యాక్టీరియాకి దొరుకుతాయి, ఆ చక్కెరే దానికి తిండి కూడా అవుతుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారే, అచ్చం అదే.

మా ల్యాబ్‌లో రోజూ పొద్దున్నే ఎలుకల బరువు తూస్తాం. మామూలు ఎలుకకి కొంచెం బ్యాక్టీరియా ఇస్తే మర్నాడు చురుగ్గా తిరుగుతుంటుంది, బరువు కూడా తగ్గదు. అదే మోతాదు ఫ్లూ సోకిన ఏడో రోజున ఇస్తే మర్నాటికి బొచ్చు నిక్కబొడుచుకుని, మూలన ముడుచుకుని, పక్కలెగరేస్తూ ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు పొరపాటున ఎక్కువ ఇచ్చామేమో అని సిరంజి లెక్క రెండు సార్లు సరిచూశాను. న్యుమోకాకస్‌తో ఈ ఏడో రోజు సంగతి 2002 నుంచీ తెలిసిందే. ఫ్లూకి ముందు బ్యాక్టీరియా ఇస్తే ఇంత ఘోరం జరగదు, వరస మారితే ఫలితం మారిపోతుంది. మీరు రాసిన ఆరో రోజు సాయంత్రం చదవగానే నాకు ఆ బోనే గుర్తొచ్చింది.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి, పైన చెప్పినదాంట్లో చాలా భాగం ఎలుకల్లో చూసింది. మనుషుల్లో అన్నీ అదే లెక్కన జరుగుతాయని కాదు. ఉదాహరణకి కొన్ని స్టాఫ్ రకాలు వదిలే పీవీఎల్ అనే విషం మనిషి న్యూట్రోఫిల్స్‌ని ఇట్టే చంపేస్తుంది, ఎలుక న్యూట్రోఫిల్స్ మీద దాదాపు పని చెయ్యదు. అంటే మనిషి ఊపిరితిత్తుల్లో జరిగేది కొన్ని విషయాల్లో మా ఎలుకల్లో కనిపించేదానికన్నా ఘోరంగా ఉండొచ్చు.


గుమ్మంముందు:

మంచి వివరణ. కానీ నా అనుభవం చెప్తాను, మా ఇంట్లో ఎవరికి ఫ్లూ వచ్చినా మొదటి రోజే అజిత్రోమైసిన్ మొదలుపెట్టేస్తాం, ఇంతవరకూ ఎవరికీ నెమ్ము చేరలేదు. దారి తెరుచుకుంటుందని తెలిశాక ముందే మందు వేసుకోవడంలో తప్పేముంది? తమ్ముడికి కూడా వేసి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదేమో. అక్కగారిని బాధపెట్టాలని కాదు, రేపు ఇంకొకరికి పనికొస్తుందని అంటున్నాను.


కల్చర్‌ప్లేట్:

గుమ్మంముందు గారూ, మీరు మంచి ఉద్దేశంతోనే అన్నారు, కానీ ఈ మాటని ఇలా వదిలెయ్యలేను, చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది. నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఉంటాను, ఇలాంటి కఫం డబ్బాలు మా బల్ల మీదికే వస్తాయి.

ఫ్లూ వచ్చిన మామూలు ఆరోగ్యవంతుల్లో ఎక్కువమందికి ఏ మందూ లేకుండానే తగ్గిపోతుంది. మీ ఇంట్లో నెమ్ము చేరకపోవడానికి అజిత్రోమైసిన్ కారణమని చెప్పలేం, వేసుకోకపోయినా చేరేది కాదేమో. వానచినుకు గారి తమ్ముడి సంగతికొస్తే, ఆయనకి వచ్చింది ఎంఆర్‌ఎస్‌ఏ. ఎంఆర్‌ఎస్‌ఏలో చాలా రకాలకి అజిత్రోమైసిన్ తగలదు. మొదటి రోజు నుంచి వేసి ఉంటే ముక్కులో, గొంతులో ఉన్న మామూలు బ్యాక్టీరియా పోయి, ఆ మందుకి లొంగనిది ఒక్కటే మిగిలేది. అడ్డొచ్చేవాళ్లు లేని చోట అది ఇంకా హాయిగా పెరిగేది. ఇంకో సంగతి, 2011లో ఎలుకల్లో చూశారు, యాంటీబయాటిక్‌తో పేగుల్లోని బ్యాక్టీరియాని చెడగొడితే ఫ్లూ మీద ఊపిరితిత్తుల ఇమ్యూనిటీయే సరిగ్గా లేవలేదు. కాబట్టి వేసి ఉంటే తప్పేది అనే మాట అక్కగారు మనసులో పెట్టుకోవాల్సిన అవసరం లేదు.

ఇక బ్యాక్టీరియా ఎక్కడిదని అడిగారు. స్టాఫ్ ఆరియస్ దాదాపు 20 నుంచి 30 శాతం మంది ముక్కుల్లో ఏ ఇబ్బందీ పెట్టకుండా కాపురం ఉంటుంది. అందులో మందులకి లొంగని రకం కొద్దిమందిలోనే ఉంటుంది, కానీ ఉంటుంది, హాస్పిటల్ మొహం చూడనివాళ్లలో కూడా. మామూలుగా ఇవి ముక్కు పొర మీద ఒక జిగురు పొరలా, బయోఫిల్మ్ అంటాం, కదలకుండా పడి ఉంటాయి. ఫ్లూ వచ్చినప్పుడు జ్వరం వేడి, దెబ్బతిన్న కణాల్లోంచి కారే ఏటీపీ అనే శక్తి అణువు, ఇలాంటివాటికి ఆ పొర విడిపోయి బ్యాక్టీరియా బయటపడుతుందని, అలా బయటపడ్డవి మునుపటికన్నా దూకుడుగా ఉంటాయని ల్యాబ్‌లో చూశారు, ముందు న్యుమోకాకస్‌లో, తర్వాత స్టాఫ్‌లో. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. మీ తమ్ముడికి వణుకు, నెత్తురు కఫం ఇంట్లో ఉండగానే మొదలయ్యాయి కదా, హాస్పిటల్లో చేరిన 48 గంటల తర్వాత మొదలైతేనే సాధారణంగా అక్కడ అంటుకుందని లెక్కేస్తారు. కాబట్టి హాస్పిటల్లో అంటుకుంది కాదు ఇది.

మందు ఎందుకు పని చెయ్యలేదన్నది మా బల్ల మీద ఎలా కనిపిస్తుందో చెప్తాను. కఫం రాగానే ముందు స్లైడ్ మీద గ్రామ్ రంగు వేసి చూస్తాం, అది ఉమ్మా, నిజంగా ఊపిరితిత్తుల్లోంచి వచ్చిందా అన్నది అక్కడే తేలుతుంది. చీము కణాలు గుట్టలుగా ఉండి, నోటి కణాలు తక్కువ ఉంటే మంచి శాంపిల్. స్టాఫ్ అయితే ఊదా రంగు గుండ్రటి చుక్కలు ద్రాక్ష గుత్తుల్లా కనిపిస్తాయి, ఇది గంటలోపే తెలుస్తుంది, వెంటనే వార్డుకి ఫోన్ చేస్తాం. అదే కఫాన్ని బ్లడ్ అగర్ అనే నెత్తురు కలిపిన జెల్లీ ప్లేటు మీద గీసి రాత్రంతా ఇంక్యుబేటర్లో ఉంచితే పొద్దున్నకి లేత బంగారు రంగులో నున్నటి చుక్కలు, చుట్టూ ఎర్రదనం కరిగిపోయిన వలయం. అందులో ఒక చుక్క తీసుకుని ఇంకో ప్లేటంతా పరిచి మందు బిళ్లలు పెడతాం, మళ్లీ ఒక రాత్రి. మందు పని చేస్తే బిళ్ల చుట్టూ ఏమీ మొలవని ఖాళీ కనిపించాలి. స్టాఫ్‌కి సెఫాక్సిటిన్ బిళ్ల చుట్టూ ఆ ఖాళీ 22 మిల్లీమీటర్లకన్నా తక్కువ ఉంటే ఎంఆర్‌ఎస్‌ఏ అని రాస్తాం. కొన్ని ప్లేట్లలో బిళ్ల అంచు దాకా బ్యాక్టీరియా పాకేసి ఉంటుంది, స్కేలు పెట్టి కొలవడానికి ఏమీ ఉండదు.

పెనిసిలిన్, సెఫ్ట్రియాక్సోన్ లాంటివి బ్యాక్టీరియా గోడ కట్టే ఎంజైమ్‌కి అతుక్కుని పని ఆపేస్తాయి. ఎంఆర్‌ఎస్‌ఏ దగ్గర మెక్-ఎ అనే జీన్ ఉంటుంది, దానివల్ల పీబీపీ-2ఎ అనే ఇంకో ఎంజైమ్ తయారవుతుంది. దానికి ఈ మందులు సరిగ్గా అతుక్కోవు, గోడ కట్టడం సాగిపోతూనే ఉంటుంది. మోతాదు ఎంత పెంచినా లాభం లేదు. అందుకే రిపోర్ట్ రావడానికి పట్టిన ఆ రెండు రోజులు మీకు అంత భారంగా గడిచాయి. ఇప్పుడు కొన్ని చోట్ల ముక్కు స్వాబ్‌తో పీసీఆర్ చేసి ఎంఆర్‌ఎస్‌ఏ ఉందో లేదో గంటల్లో చెప్తున్నారు, లేదని వస్తే నెమ్ముకి కారణం అది కాదని చాలావరకు నమ్మొచ్చు. ఉందని వచ్చినంత మాత్రాన మాత్రం నెమ్ము దానిదే అని కాదు.

విషయానికి కాస్త పక్కకి పోతున్నా ఇది చెప్పకుండా ఉండలేను. 1892లో ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూ రోగుల కఫంలో ఒక బ్యాక్టీరియాని చూసి ఫ్లూకి కారణం ఇదేనన్నాడు. 1918 మహమ్మారిలో కూడా చాలామంది దాని కోసమే వెతికారు. నిజానికి అది ఫ్లూ వెనకాల వచ్చే బ్యాక్టీరియాల్లో ఒకటి. మనిషి ఫ్లూ వైరస్‌ని వేరుచేసింది 1933లో. మధ్యలో 1929లో ఫ్లెమింగ్ పెనిసిలిన్ మీద తన మొదటి పేపర్ రాసినప్పుడు, ఈ ఫైఫర్ బ్యాక్టీరియాని ప్లేటు మీద విడిగా పెంచుకోవడానికి మిగతావాటిని అణచడంలో పెనిసిలిన్ బాగా పనికొస్తుందని ప్రత్యేకంగా రాశాడు. 1918లో పోయినవాళ్ల ఊపిరితిత్తుల శాంపిల్స్ మళ్లీ తీసి 2008లో చూస్తే, ఎక్కువ చావులకి వైరస్ తర్వాత వచ్చిన బ్యాక్టీరియా నెమ్మే కారణమని తేలింది. 1957 ఫ్లూ నాటికి పెనిసిలిన్‌కి లొంగని స్టాఫ్ వచ్చేసింది, ఆ ఏడు ఫ్లూ తర్వాతి నెమ్ముల్లో స్టాఫ్ బాగా కనిపించింది. దానికోసం 1959లో మెథిసిలిన్ తెస్తే 1961కల్లా దానికీ లొంగనిది ఇంగ్లండ్‌లో దొరికింది. ఎంఆర్‌ఎస్‌ఏ పేరులో ఎం అదే.


గుమ్మంముందు:

చదివాను. నిజం చెప్పాలంటే ఇంట్లో ఇప్పుడు కూడా సగం స్ట్రిప్ ఉంది, ఎవరికైనా జలుబు చేస్తే ఇద్దామని దాచాను. ఇక ఇవ్వను. వానచినుకు గారూ, ముందు నేనన్న మాటకి మనసు నొప్పిస్తే క్షమించండి.


వానచినుకు:

అయ్యో, పర్లేదండీ, నేనూ రోజూ అదే అనుకుంటున్నాను కదా. అందరికీ చాలా థ్యాంక్స్, రెండు సార్లు చదివాను, అమ్మకి కూడా చదివి వినిపించాను.

ఇంకొన్ని సందేహాలు. ఇమ్యూనిటీ పిలవలేదు, చేతులు కట్టేసింది అన్నారు, మరి డాక్టర్ మాతో ఇన్‌ఫ్లమేషన్ విపరీతంగా ఉంది, ఊపిరితిత్తులు నీళ్లతో నిండిపోయాయి అన్నారు. రెండూ ఎలా నిజమవుతాయి? వ్యాంకోమైసిన్ నుంచి లినెజోలిడ్‌కి ఎందుకు మార్చారు? మా బంధువు ఒకాయన స్టెరాయిడ్ ఇచ్చుంటే తొందరగా తగ్గేది అంటున్నారు. ఇంకొకటి, ఆరో రోజు రాత్రే తీసుకెళ్లి ఉంటే తేడా ఉండేదా? దీనికి జవాబు తెలుసుకోవాలనే ఉంది, సర్దిచెప్పకండి.


నైట్‌రౌండ్స్:

ఐసీయూలో పని చేస్తాను. మీ తమ్ముడి కేసు పేపర్లు నేను చూడలేదు, కాబట్టి ఆయన గురించి కాకుండా ఈ జబ్బు గురించి చెప్తాను.

రెండూ నిజమేనమ్మా. మొదట్లో రావాల్సిన రక్షణ రాదు, ఆ కొద్ది గంటల్లో బ్యాక్టీరియా విపరీతంగా పెరిగిపోతుంది. అంత పెరిగాక అప్పుడు న్యూట్రోఫిల్స్ వరదలా వస్తాయి. స్టాఫ్ వదిలే ఆల్ఫా టాక్సిన్ గాలి గదుల గోడ కణాలకి చిల్లులు పెడుతుంది, పీవీఎల్ ఉన్న రకమైతే వచ్చిన న్యూట్రోఫిల్స్‌ని పగలగొడుతుంది, వాటిలోని ఎంజైములు బయటపడి ఊపిరితిత్తి కణజాలాన్నే కరిగిస్తాయి. గాలి ఉండాల్సిన చోట నీరు, నెత్తురు చేరతాయి. కొంతమందికి రక్తపరీక్షలో తెల్ల కణాలు పెరగాల్సింది పోయి బాగా పడిపోతాయి, అలా పడిపోయిన రిపోర్ట్ చూస్తే మాకు గుబులు పుడుతుంది. పడుచువాళ్లలో, నిన్నటి దాకా ఆటలాడినవాళ్లలో ఇది చూస్తాం. 2003-04 ఫ్లూ సీజన్లో అమెరికాలో ఇలా ఫ్లూ కాలంలో బయట నుంచే స్టాఫ్ నెమ్ముతో వచ్చిన 17 కేసులు రిపోర్ట్ చేస్తే అందులో 15 ఎంఆర్‌ఎస్‌ఏ, సగం మంది 21 ఏళ్లు, అంతకన్నా చిన్నవాళ్లు. 2009 హెచ్1ఎన్1లో పోయినవాళ్ల ఊపిరితిత్తుల శాంపిల్స్ 77 పరీక్షిస్తే 22 మందిలో బ్యాక్టీరియా దొరికింది.

మందు మార్చడానికి చాలా కారణాలుండొచ్చు. వ్యాంకోమైసిన్ మంచి మందే కానీ పెద్ద అణువు, ఊపిరితిత్తుల్లోకి అంత బాగా చేరదు, కిడ్నీని కాచుకుంటూ రక్తంలో దాని స్థాయి చూసుకుంటూ ఇవ్వాలి. లినెజోలిడ్ ఊపిరితిత్తుల్లోకి బాగా దిగుతుంది, పైగా బ్యాక్టీరియా ప్రొటీన్ తయారీనే ఆపేస్తుంది కాబట్టి విషాల తయారీ కూడా తగ్గుతుంది, అందుకని ఇలాంటి నెమ్ముల్లో చాలామందిమి దాన్ని ఇష్టపడతాం. దాన్ని రెండు వారాలు దాటి వాడితే ప్లేట్లెట్లు పడిపోవచ్చు, రక్తపరీక్షలు చేస్తూ ఉంటారు, చేస్తున్నారో లేదో ఒకసారి అడగండి. ఎంఆర్‌ఎస్‌ఏకి డాప్టోమైసిన్ అని ఇంకో గట్టి మందుంది, రక్తంలో ఇన్ఫెక్షన్‌కి బ్రహ్మాండంగా పని చేస్తుంది, నెమ్ముకి మాత్రం వాడం. గాలి గదులు మూసుకుపోకుండా ఊపిరితిత్తులు తయారుచేసుకునే సర్ఫాక్టెంట్ అనే పదార్థం ఆ మందుని కట్టేసి పనికిరాకుండా చేస్తుంది. ఇలాంటివన్నీ ఉంటాయి కాబట్టే ప్లేటు మీద పని చేసిన ప్రతి మందూ ఊపిరితిత్తుల్లో పని చేస్తుందనుకోకూడదు.

స్టెరాయిడ్ గురించి. తీవ్రమైన నెమ్ముకి హైడ్రోకార్టిసోన్ ఇస్తే మేలని 2023లో ఒక పెద్ద ట్రయల్ వచ్చింది, మీ బంధువు అది విని ఉంటారు. ఆ ట్రయల్లో ఫ్లూ ఉన్నవాళ్లని తీసుకోలేదు. ఫ్లూలో స్టెరాయిడ్ వాడినవాళ్లలో చావులు, రెండో ఇన్ఫెక్షన్లు ఎక్కువ కనిపించిన పరిశీలనలున్నాయి, అవి అంత గట్టి ఆధారాలు కావు, అయినా వేరే కారణం లేకుండా ఫ్లూలో మేం దాని జోలికి పోం. బీపీ నిలబడకపోవడం లాంటి వేరే అవసరం ఉంటే ఇస్తాం, అది పక్కనున్న డాక్టరు నిర్ణయం.

చివరిది. సర్దిచెప్పొద్దన్నారు కాబట్టి చెప్తున్నాను. ఈ జబ్బులో గంటలు ముఖ్యమే. ఆ రాత్రే తీసుకెళ్లి ఉంటే ఆక్సిజన్ ముందే అందేది. కానీ అప్పుడు కూడా చాలా చోట్ల మొదలుపెట్టేది ఆ రెండు మందులే, ఎంఆర్‌ఎస్‌ఏ అని తెలియడానికి ఆ రెండు రోజులూ పట్టేవి, కాబట్టి వెంటిలేటర్ తప్పేదని ఏ డాక్టరూ చెప్పలేడు. ఫ్లూ తగ్గి మళ్లీ జ్వరం రావడం అంటే కొత్త జబ్బు మొదలవడం అని మీకు ఎవరూ చెప్పలేదు. మీకు తెలిసినదాన్ని బట్టి మీరు చేశారు. జ్వరం దిగి, ఒకటి రెండు రోజులు బాగుండి, వణుకుతో తిరగబెడితే, లేదా కఫంలో నెత్తురు, ఆయాసం, ఛాతీలో పోటు వస్తే అదే పూట చూపించాలి. ఆ మాట ఫ్లూ అని రిపోర్ట్ ఇచ్చిన రోజే చెప్పాల్సింది మేం. నేను ఇప్పుడు ఫ్లూ పేషెంట్ని ఇంటికి పంపేటప్పుడు వెంట వచ్చినవాళ్లతో రెండు సార్లు చెప్పి, వాళ్ల చేత తిరిగి చెప్పించుకుంటాను. అలా జ్వరం తిరగబెట్టి వచ్చినవాళ్లకి వెంటనే కఫం కల్చర్‌కి పంపి, నెత్తురు కఫమో, పడిపోయిన తెల్ల కణాలో కనిపిస్తే రిపోర్ట్ కోసం ఆగకుండా ఎంఆర్‌ఎస్‌ఏ మందు కూడా కలిపి మొదలుపెట్టి, కల్చర్లో లేదని తేలితే ఆపెయ్యడం మంచి పద్ధతి.

ఇకముందు సంగతి: ఏటా ఫ్లూ టీకా, న్యుమోకాకస్ టీకా ఆయనకి అవసరమా అన్నది డిశ్చార్జ్ అప్పుడు అడగండి. స్టాఫ్‌కి ఇప్పటికి టీకా లేదు, కానీ ఫ్లూ రాకపోతే ఆ దారే తెరుచుకోదు. ఇంకోసారి ఫ్లూ వస్తే 48 గంటల్లోపే ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు గురించి డాక్టర్ని అడగండి, ఆయన చరిత్ర చెప్పండి. ఎక్స్‌రే మామూలవడానికి వారాలు పడుతుంది, మచ్చలు కనిపిస్తున్నాయని కంగారు పడకండి.


అల్వియోలస్:

నైట్‌రౌండ్స్ గారు చెప్పినదానికి చిన్న జోడింపు. చచ్చిపోయిన కాపలా కణాల చోట ఎముక మజ్జ నుంచి కొత్తవి వస్తాయి, మిగిలినవి కూడా పెరుగుతాయి. ఎలుకల్లో ఒక నెల దాటేసరికి లెక్క చాలావరకు నిండుతుంది. కాబట్టి ఇప్పటి పరిస్థితి ఎప్పటికీ ఇలాగే ఉండిపోదు. కోలుకునే ఈ వారాల్లో దగ్గు, జలుబు ఉన్నవాళ్లని మాత్రం ఆయన దగ్గరికి రానివ్వకండి.


వానచినుకు:

మీరు సర్దిచెప్పకుండా చెప్పినందుకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. ఏడ్చాను, కానీ ఈ మూడు వారాల్లో మొదటిసారి కాస్త నిద్రపట్టింది.

ప్లేట్లెట్ల సంగతి ఇవాళ అడిగాను, వారానికి రెండు సార్లు చూస్తున్నారట, మొన్నటిది బాగానే ఉందట. టీకాల గురించి కూడా రాసిస్తామన్నారు. తమ్ముడికి మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఇచ్చారు, గాలి లోపలికి గట్టిగా పీలిస్తే బంతులు పైకి లేవాలి. వెంటిలేటర్ తీసిన వారంలో మొదటి బంతి కూడా కదిలేది కాదు, పీల్చి పీల్చి దగ్గొచ్చి ఆపేసేవాడు. ఇవాళ పొద్దున రెండో బంతి పైకి లేచి అక్కడే కాసేపు నిలబడింది. మూడోది కదిలిన రోజు ఇక్కడ రాస్తాను.